ధ్యేయంతో పొంతన: వైద్య కళాశాలలు దాన్ని ఎలా తూచుతాయి?

రాజాం మాస్టారు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలల్లో 34 ఏళ్ళు భౌతికశాస్త్రం బోధించి, పదవీ విరమణ తరువాత రాజాంలో స్థిరపడినవాణ్ణి. మా సొంత ఊరు ఉద్దానంలో, కవిటి మండలంలో ఉంది. మా అన్నయ్య చాలా కాలం కిందట అమెరికా వెళ్ళి అక్కడి పౌరుడయ్యాడు. ఆయన కూతురు అక్కడే పుట్టి పెరిగి, డిగ్రీ ముగించి, పోయిన ఏడాది వైద్య కళాశాలలకు దరఖాస్తు చేసింది. ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్షలో 528కి 517 వచ్చాయి. డిగ్రీ మార్కులకూ వంక పెట్టడానికి లేదు. పద్దెనిమిది కళాశాలలకు పంపితే మూడు చోట్ల ఇంటర్వ్యూకు పిలిచారు. ఒక్క చోటా సీటు ఇవ్వలేదు.

ఆ మూడింటిలో ఒక కళాశాలకు అమ్మాయి ఫోను చేసి, వచ్చే ఏడాదికి ఏం సరిదిద్దుకోవాలో చెప్పమని అడిగింది. వారు మర్యాదగానే జవాబిచ్చారు. చదువులో లోపమేమీ లేదనీ, అయితే తమ కళాశాల ఏ ధ్యేయం కోసం నడుస్తున్నదో దానికీ ఈ దరఖాస్తుకూ పొంతన కనిపించలేదనీ ఆ జవాబు సారాంశం. అదే కళాశాలలో ఆమె స్నేహితురాలికి 508తోనే సీటు దొరికింది. మా ఇంట్లో పొంతన అన్న మాట పెళ్ళి సంబంధాలు చూసే రోజుల్లో తప్ప ఎన్నడూ వినపడలేదు కనుక, సంబంధం ఇష్టంలేని వాళ్ళు జాతకాలు కలవలేదని చెప్పి పంపేసినట్టుగా ఉందని మా అన్నయ్య చిన్నబుచ్చుకున్నాడు. నాకూ మొదట అలాగే తోచింది.

జీవితమంతా జవాబు పత్రాలు దిద్దినవాణ్ణి కాబట్టి నా సందేహమంతా కొలత గురించే. ఈ పొంతనకు నిజంగా ఒక తూకం ఉంటుందా, లేక ముందే నిర్ణయించుకున్న నిరాకరణకు తరువాత వెతుక్కునే కారణమా? ఇరవై రెండేళ్ళ పిల్ల తన మనసు ఫలానా ధ్యేయం మీద ఉందని కాగితం మీద ఎలా నిరూపించగలదు? మన దగ్గర నీట్‌లో 720కి ఎన్ని వచ్చాయని తప్ప, నువ్వు డాక్టరువి ఎందుకవుతావని ఏ కళాశాలా అడగదు. ఈ రెండు పద్ధతుల్లో మంచిదేదో తేల్చమనడం లేదు గానీ, అక్కడి కమిటీల్లో కూర్చున్నవారూ, ఇక్కడ వైద్యం చేస్తున్నవారూ ఎవరైనా ఉంటే వివరించవలసిందిగా కోరుతున్నాను.


వంశధార

మాస్టారూ, నమస్కారం. మాది టెక్కలి. విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, ప్రస్తుతం అమెరికాలో ఒక రాష్ట్ర ప్రభుత్వ వైద్య కళాశాలలో బోధిస్తున్నాను. అక్కడి ప్రవేశాల కమిటీలో ఆరేళ్ళు పనిచేశాను. మీ అన్నయ్యగారి జాతకం పోలిక చదివి నవ్వుకున్నాను గానీ, అది పూర్తిగా తప్పని అనలేను; ఆ మాటను ముసుగుగా వాడుకునేవారూ ఉన్నారు. ఆ సంగతి చివర చెబుతాను.

అక్కడి కళాశాలలన్నీ ఒకే పనికోసం పుట్టినవి కావు. మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి డులూత్ పట్టణంలో ఉన్న వైద్య ప్రాంగణం 1972లో మొదలైంది. గ్రామాలకూ, అక్కడి ఆదివాసి సమాజాలకూ కుటుంబ వైద్యులను తయారుచేయడమే దాని పని. జార్జియాలోని మెర్సర్ కళాశాల ఆ రాష్ట్ర నివాసులను తప్ప ఎవరినీ చేర్చుకోదు. నాష్‌విల్‌లో 1876లో పుట్టిన మెహారీ, అట్లాంటాలో 1975లో పుట్టిన మోర్‌హౌస్ నల్లజాతి సమాజాల ఆరోగ్యాన్ని కేంద్రంగా పెట్టుకున్నవి. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం తన రాష్ట్రంతో పాటు వయోమింగ్, అలాస్కా, మోంటానా, ఐడహో రాష్ట్రాల పిల్లలకు కూడా వైద్యం చెబుతుంది కాబట్టి ఆ అయిదు రాష్ట్రాలతో అనుబంధం ఉన్నవారి కోసమే ముఖ్యంగా చూస్తుంది. ఇక పెద్ద పరిశోధన విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. వాటి ధ్యేయం కొత్త జ్ఞానాన్ని సృష్టించడం. అక్కడ మీ అమ్మాయి 517, దానికి తోడు రెండేళ్ళు ప్రయోగశాలలో పనిచేసిన అనుభవం ఉంటే, అవే పొంతన. ఊళ్ళో సేవ చేస్తేనే పొంతన అనుకోవడం పొరపాటు. ఒకే దరఖాస్తు ఒక చోట చక్కగా అతికి, మరొక చోట అతకకపోవడానికి కారణం ఇదే.

తూకం విషయానికి వస్తాను. అమెరికా వైద్య కళాశాలల సంఘం సమగ్ర పరిశీలన అనే పద్ధతిని 2007 నుంచి ప్రోత్సహిస్తూ వచ్చింది. అందులో దరఖాస్తును మూడు వైపుల నుంచి చూస్తారు: ఏం చేశాడు, ఎలాంటివాడు, ఎన్ని మార్కులు తెచ్చుకున్నాడు. ఈ మూడింటిలో దేనికెంత బరువు ఇవ్వాలో పైనుంచి ఎవరూ చెప్పరు. కళాశాల తన ధ్యేయాన్ని బట్టి తానే నిర్ణయించుకోవాలి. మార్కులకు విలువ లేదనుకోకండి. పాఠాలు అందుకోలేనివాణ్ణి ఎంత మంచి మనసున్నా తీసుకోరు. అయితే ఒక గీత దాటాక ప్రతి అదనపు మార్కుకూ అదనపు విలువ ఉండదు. మీరు చెప్పిన కళాశాలకు 508, 517 రెండూ గీతకు పైనే ఉండి ఉంటాయి. ఆ తరువాత చూసేది వేరు. అందుకే ఎక్కువ మార్కుల అమ్మాయికి అన్యాయం జరిగిందన్న లెక్క అక్కడ నిలబడదు.

మా కమిటీలో ప్రతి దరఖాస్తునూ ఇద్దరు విడివిడిగా చదివేవారు. ధ్యేయానికి సంబంధించి ఒక గడి ఉండేది. అందులో ఒకటి నుంచి అయిదు వరకు అంకె వేసి, ఎందుకు వేశామో రెండు వాక్యాలు రాయాలి. నేను వెతికే విషయాలు నాలుగు మాటల్లో చెప్పలేనివి గానీ, అన్నింటిలోనూ ముఖ్యమైనది కాలం. రెండు వారాల శిబిరం కన్నా రెండేళ్ళ శనివారాలు ఎక్కువ చెబుతాయి. ఒక దరఖాస్తులో పదిహేను అనుభవాల వరకు రాయవచ్చు, అందులో మూడింటిని అత్యంత ముఖ్యమైనవిగా గుర్తించాలి. ఆ మూడూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయా, లేక పదిహేనూ పదిహేను దిక్కులు చూస్తున్నాయా అన్నది చదువుతుండగానే తెలిసిపోతుంది. మన తెలుగు పిల్లల దరఖాస్తులు నేను చాలా చూశాను, ఈ మాట బాధతోనే రాస్తున్నాను: శాస్త్రీయ నృత్యం, ప్రయోగశాల, డాక్టరు వెంట కొన్ని గంటలు తిరగడం, వేసవిలో అమ్మమ్మగారి ఊరు వెళ్ళి వైద్య శిబిరంలో రక్తపోటు చూసిన ఫొటో. వీటిలో ఏదీ తప్పు కాదు. కానీ పేరు మార్చితే ఇంకొకరి దరఖాస్తు అయిపోతుంది.

గతాన్ని బట్టి భవిష్యత్తును ఊహించడం న్యాయమా అని అడగవచ్చు. ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ వైద్య కళాశాల 1974 నుంచి గ్రామీణ ప్రాంతాల వైద్యుల కొరత తీర్చడానికి ఒక ప్రత్యేక ప్రవేశ పథకం నడిపింది. గ్రామంలో పెరిగి, కుటుంబ వైద్యం చేయాలనుకునేవారిని మొదటే ఎంచుకోవడం అందులో కీలకం. 1999లో ప్రచురించిన లెక్క ప్రకారం, పెన్సిల్వేనియాలోని ఏడు వైద్య కళాశాలల పట్టభద్రుల్లో ఈ పథకం వారు నూటికి ఒక్కరే. కానీ ఆ కళాశాలల్లో చదివి ఆ రాష్ట్ర గ్రామాల్లో స్థిరపడిన కుటుంబ వైద్యుల్లో నూటికి 21 మంది వీరే. ఎక్కడ పెరిగాడు, ఏం చేయాలనుకుంటున్నాడు అన్న రెండు ప్రశ్నలకే అంత బలం ఉందన్నమాట. గ్రామాల్లో వైద్యులు నిలవాలంటే గ్రామ నేపథ్యం ఉన్నవారిని చేర్చుకోండని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో సిఫారసు చేసింది కూడా ఇలాంటి అనుభవాల ఆధారంగానే.

ఇక ముసుగు సంగతి. మూడు వందల మందిని ఇంటర్వ్యూ చేసి వంద సీట్లు నింపినప్పుడు మిగిలిన రెండు వందల మందికీ చెప్పడానికి ఖచ్చితమైన కారణం ఉండదు. అప్పుడు పొంతన అన్న మాట సులువుగా నోట వస్తుంది. పైగా ప్రభుత్వ కళాశాలల్లో ధ్యేయం అన్నది చాలావరకు స్వరాష్ట్రం వారికి ప్రాధాన్యం అనే అర్థంలోనే ఉంటుంది; పొరుగు రాష్ట్రపు పిల్ల అక్కడ ఎంత గొప్పగా రాసినా ఎదురీతే. 2023 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోరాదని తీర్పు ఇచ్చాక, ధ్యేయం అన్న గడిని ఇంకా జాగ్రత్తగా, ఆధారాలతో నింపవలసి వస్తున్నది.

మీ అమ్మాయి ఆ మూడు ముఖ్య అనుభవాలుగా ఏమేం రాసిందో, ఆ కళాశాల ధ్యేయం ఏమిటో చెప్పగలరా? వాటిని చూడకుండా ఇంతకు మించి చెప్పడం మంచిది కాదు.


చీపురుపల్లి నుంచి ఒక తండ్రి

పెద్దలు చెప్పినది శ్రద్ధగా చదివాను. అమెరికాలో అది న్యాయంగా నడుస్తుందేమో, నాకు తెలియదు. కానీ ఇదే మాట రేపు మన దగ్గర ఎవరైనా విధానంగా తెస్తారేమోనన్న భయంతో రాస్తున్నాను. నేను ఒక కార్యాలయంలో చిన్న ఉద్యోగిని. మా అబ్బాయి ఇంటర్ తరువాత రెండుసార్లు లాంగ్ టర్మ్ చదివి, రెండోసారి నీట్‌లో ర్యాంకు తెచ్చుకొని, కౌన్సెలింగ్‌లో కన్వీనర్ కోటా సీటు సంపాదించాడు. ఆ రెండేళ్ళూ వాడు గది దాటి బయటికి రాలేదు. సేవ చేశావా అని అడిగితే వాడి దగ్గర జవాబు లేదు. ఎవరి వెంటా తిరగలేదు, ఏ శిబిరంలోనూ ఫొటో దిగలేదు. డాక్టరు ఇంట్లో పుట్టిన పిల్లాడికి మాత్రం అవన్నీ ఇంట్లోనే దొరుకుతాయి.

వాడికి ఇంటర్వ్యూ పెట్టి ఉంటే ఏం జరిగేదో నేను ఊహించగలను. వాడి ఇంగ్లీషు విని ఒకరు, మా ఇంటిపేరు విని మరొకరు మొహం చిట్లించేవారు. నేను ఎవరో ఒకరి గుమ్మం ముందు చేతులు కట్టుకొని నిలబడవలసి వచ్చేది. జవాబు పత్రం దిద్దే యంత్రానికి మా ఇంటిపేరు తెలియదు. దానికి మనసు లేదని మీరంటే, లేకపోవడమే మా వంటివారికి రక్ష అని నేనంటాను. ఒకప్పుడు క్యాపిటేషన్ ఫీజుల పేరుతో సీట్లు ఎలా అమ్ముడయ్యాయో చూసిన తరం మాది.


మన్యం డాక్టరు

చీపురుపల్లి నుంచి రాసిన అన్నగారి భయం నిజమైనదే; దాన్ని తోసిపుచ్చి మాట్లాడితే ఈ చర్చకు అర్థం ఉండదు. నాది పాలకొండ. సీతంపేట ఏజెన్సీలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారిగా పనిచేస్తున్నాను. నేనూ మార్కులతోనే సీటు తెచ్చుకున్నాను, నన్నూ ఎవరూ ఏమీ అడగలేదు.

అయితే ఒక తేడా గమనించండి. పొంతనను కొలవడమూ, ఇంటర్వ్యూ పెట్టడమూ ఒకటి కావు. ఎక్కడ పెరిగాడు, ఏ బడిలో చదివాడు, ఏ భాష మాట్లాడతాడు అన్నవి ఎవరి దయాదాక్షిణ్యాలూ అక్కరలేని వాస్తవాలు. ధ్రువపత్రం చూస్తే తెలిసిపోయేవి. తమిళనాడు 2020లో ప్రభుత్వ బడుల్లో చదివి నీట్ ఉత్తీర్ణులైన పిల్లలకు వైద్య సీట్లలో 7.5 శాతం కేటాయించింది. అందులో ఇంటర్వ్యూ లేదు, సిఫారసు లేదు. అయినా అది ధ్యేయమే. జపాన్‌లో జిచి వైద్య విశ్వవిద్యాలయం 1972 నుంచి ప్రతి జిల్లా వంటి పాలనా విభాగం నుంచీ ఇద్దరు ముగ్గుర్ని తీసుకొని, ఫీజు భారం లేకుండా చదివించి, తొమ్మిదేళ్ళు సొంత ప్రాంతంలో పనిచేయాలన్న ఒప్పందం రాయించుకుంటుంది. ఇవన్నీ పొంతనను తూచే పద్ధతులే.

మన సంగతి చూద్దాం. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మన కళాశాలల్లో 85 శాతం సీట్లు స్థానికులవి. స్థానికులు అంటే ఎవరు? ఆంధ్రా విశ్వవిద్యాలయ ప్రాంతం అంతా ఒకే స్థానిక ప్రాంతం. ఇచ్ఛాపురం నుంచి పాత ప్రకాశం జిల్లా దాకా అంతా మనవాళ్ళే. శ్రీకాకుళంలో 2008లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది, విజయనగరంలో 2023లో వచ్చింది. రెండూ వెనుకబడిన జిల్లాల కోసమని చెప్పి తెచ్చినవే. అయినా భామిని మండలం పిల్లా, విజయవాడలో ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ కోచింగ్ తీసుకున్న పిల్లా ఒకే వరసలో నిలబడాలి. ఎవరు ముందుంటారో వేరే చెప్పనక్కరలేదు. దూరం నుంచి వచ్చి చదివే పిల్లల మీద నాకు కోపం లేదు. వాళ్ళు చదువయ్యాక తమ ఊరికి వెళ్ళిపోవడం సహజం. కళాశాల జిల్లాలో ఉంటుంది, దాని ఫలం జిల్లాలో మిగలదు.

మన దేశంలో ధ్యేయాన్ని చూసి పిల్లల్ని ఎంచుకున్న కళాశాలలు లేకపోలేదు. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో రాత పరీక్ష అయ్యాక పిల్లల్ని అక్కడికి పిలిపించుకొని, కలిసి పనులు చేయించి, మాట్లాడించి ఎంచుకునేవారు. మిషన్ ఆసుపత్రుల తరఫున వచ్చినవారు చదువు తరువాత రెండేళ్ళు అక్కడ పనిచేయాలి. మన సాలూరులో కుష్ఠురోగుల కోసం నడిచిన మిషన్ ఆసుపత్రిని ఎరిగినవారికి, ఏసీ గదుల్లో పనిచేయడానికి ఇష్టపడేవాళ్ళు అలాంటి చోట నిలవరని చెప్పనక్కరలేదు. నీట్ వచ్చాక వేలూరు వారు కోర్టుకు వెళ్ళారు. 2017లో వంద ఎంబీబీఎస్ సీట్లకు ఒకే ఒక్కరిని చేర్చుకొని మిగిలినవి ఖాళీగా ఉంచారు. చివరికి 2020 ఏప్రిల్ 29న సుప్రీంకోర్టు మైనారిటీ కళాశాలలకు కూడా నీట్ వర్తిస్తుందని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పుకు బలమైన కారణం చీపురుపల్లి అన్నగారు చెప్పినదే: ప్రైవేటు ప్రవేశాల్లో పేరుకున్న అవినీతి. వార్ధా దగ్గర సేవాగ్రామ్‌లో డాక్టర్ సుశీలా నయ్యర్ 1969లో స్థాపించిన కళాశాల ప్రవేశ పరీక్షలో గాంధీ ఆలోచనల మీద ఒక పత్రం ఉండేది. నీట్‌తో అదీ పోయింది. అయితే వాళ్ళు వేరే దారి పట్టుకున్నారు. చేరిన పిల్లల్ని మొదట పదిహేను రోజులు ఆశ్రమంలో ఉంచుతారు, ఖాదీ కట్టిస్తారు, ప్రతి బ్యాచికీ ఒక గ్రామాన్ని అప్పగిస్తారు. ఎంచుకునే హక్కు పోయినప్పుడు మలచుకునే ప్రయత్నం చేశారు. మలచడం ఎంచుకోవడానికి సమానమా అంటే నా అనుభవంలో కాదు.

అనుభవం అన్నాను కాబట్టి ఒకటి చెబుతాను. నేను చేరిన కొత్తలో ఒక సవర ముసలమ్మ మూడు వారాలు వరసగా వచ్చి మందులు తీసుకెళ్ళింది గానీ ఒక్కటీ మింగలేదు. ఎందుకో నాకు అంతుపట్టలేదు. చివరికి మా ఆశా కార్యకర్త అడిగి చెప్పింది: తినేముందు వేసుకో అన్నాను, ఆమె ఇంట్లో తినేది పొద్దుపోయాక ఒక్కపూట, నేను చెప్పినది మూడు పూటలు. ఆ భాష వచ్చినవాడూ, ఆ ఇంటి పొయ్యి ఎప్పుడు వెలుగుతుందో తెలిసినవాడూ నా కుర్చీలో ఉంటే మొదటి రోజే తెలిసేది. నీట్ జీవశాస్త్రంలో నాకు వచ్చిన మార్కులు ఆ రోజు పనికిరాలేదు.


మూడో ఏడు ఎంబీబీఎస్

నేను మన్యం డాక్టరు గారు చెప్పిన ఆ దూరపు పిల్లల్లో ఒకణ్ణి. మాది గుంటూరు వైపు, చదువుతున్నది శ్రీకాకుళం జిల్లాలో. మమ్మల్ని చేరేటప్పుడు ఎవరూ ఏమీ అడగలేదన్నది నిజం. చేరాక మాత్రం జాతీయ వైద్య కమిషన్ పెట్టిన కుటుంబ దత్తత కార్యక్రమం కింద నాకు కొన్ని ఇళ్ళు అప్పగించారు. మొదట లాగ్ బుక్కులో సంతకాల కోసమే వెళ్ళాను. మా బ్యాచిలో చాలామంది ఇప్పటికీ అందుకే వెళతారు. మొదటి రోజు ఒక పెద్దావిడ “ఏటి బాబూ, మళ్ళీ ఎప్పుడొస్తావు?” అంటే ‘ఏటి’ అన్నది అర్థం కాక పక్కవాణ్ణి అడిగాను. ఇప్పుడు ఆవిడ చక్కెర లెక్క నాకు నోటికి వచ్చు. ఇక్కడే ఉండిపోతానా అంటే ఇప్పుడే మాట ఇవ్వలేను. ఆ ప్రశ్న నన్ను చేరేటప్పుడే అడిగి ఉంటే, సీటు కోసం తప్పకుండా అబద్ధం చెప్పి ఉండేవాణ్ణి. దీనికి కమిటీలో కూర్చున్నవారు ఏమంటారో తెలుసుకోవాలని ఉంది.


రాజాం మాస్టారు

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. చీపురుపల్లి సోదరుడి మాట నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. నా విద్యార్థుల్లో అలాంటి పిల్లలే ఎక్కువ. వంశధార గారు అడిగిన వివరాలు నిన్న రాత్రి అమ్మాయితో మాట్లాడి తెలుసుకున్నాను.

ఆ కళాశాల మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో ఒకటి. ఆ రాష్ట్రపు గ్రామాలకు, చిన్న పట్టణాలకు ప్రాథమిక వైద్యులను అందించడం తమ ధ్యేయమని రాసుకున్నారు. అమ్మాయి కుటుంబం ఆ రాష్ట్రంలోనే ఉంటున్నది. మూడు ముఖ్య అనుభవాలు ఇవి: విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో ఎలుకల మీద చేసిన పరిశోధన, విద్యార్థి సంఘానికి అధ్యక్షత, ఉద్దానంలో రెండు వారాల వైద్య శిబిరం. ప్రధాన వ్యాసం కూడా ఉద్దానం కిడ్నీ వ్యాధి మీదే.

మా నాన్నగారు ఆ వ్యాధితోనే పోయారు. డయాలసిస్ కోసం మొదట్లో రెండు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి విశాఖ కె.జి.హెచ్.కు తీసుకువెళ్ళేవాళ్ళం, ఆ తరువాత సోంపేటలో కేంద్రం వచ్చాక కొంత సులువైంది. అమ్మాయి ఆ రోజుల్లో ఒక వేసవి అంతా మా ఇంట్లో ఉండి తాతను చూసింది. వ్యాసంలో మాత్రం తాత లేడు. కొబ్బరి, జీడి తోటలు, కవిటి, సోంపేట, పలాస మండలాల్లో వ్యాప్తి, కారణం ఇప్పటికీ తేలకపోవడం, 2023 డిసెంబరులో పలాసలో తెరిచిన 200 పడకల ఆసుపత్రి, ఇవన్నీ ఉన్నాయి. చదివితే వార్తాపత్రికలో వ్యాసంలా ఉంది.

ఇంకొక సంగతి మాటల మధ్యలో బయటపడింది. డిగ్రీలో ఉండగా ఖర్చుల కోసం తమ ఊరికి దగ్గరలోని ఒక చిన్న పట్టణంలో డయాలసిస్ కేంద్రంలో వారానికి రెండు రోజులు సహాయకురాలిగా దాదాపు రెండేళ్ళు పనిచేసిందట. దాన్ని దరఖాస్తులో ఎక్కడ రాశావమ్మా అంటే, పన్నెండో అనుభవంగా ఒక్క వాక్యం రాశాను చిన్నాన్నా, అది జీతం పని కదా అంది.


వంశధార

మాస్టారూ, ఆ ఒక్క వాక్యమే దరఖాస్తు మొత్తానికి ప్రాణం. జీతం పని అని దాచుకున్నది గానీ, మా కమిటీలో జీతానికి చేసిన పనిని ఎప్పుడూ తక్కువగా చూడలేదు. అక్కడ ఎవరూ ఫొటో కోసం రెండేళ్ళు ఉండరు. ఆ కళాశాల వారికి కావలసినది సరిగ్గా అదే: తమ రాష్ట్రంలో, చిన్న పట్టణంలో, రోగుల దగ్గర, ఎక్కువ కాలం. వాళ్ళు చదివిన దరఖాస్తులో ఆ అమ్మాయి ప్రయోగశాలలో ఉంది, వేదిక మీద ఉంది, సముద్రానికి అవతల రెండు వారాలు ఉంది. తమ రాష్ట్రంలో మాత్రం కనపడలేదు. పొంతన లేదని వాళ్ళు అబద్ధం చెప్పలేదు. ఉన్న పొంతనను ఆమె చూపించలేదు. 508 వచ్చిన స్నేహితురాలి దరఖాస్తు నేను చూడలేదు గానీ, అందులో ఆ రాష్ట్రపు ఊళ్ళు మొదటి పుటలోనే ఉండి ఉంటాయని అనుకుంటున్నాను.

ఉద్దానాన్ని తీసేయమని నేను చెప్పను. తాత కుర్చీ పక్కన కూర్చున్న పిల్ల, కొన్నేళ్ళ తరువాత వేల మైళ్ళ అవతల ముక్కూ మొహం తెలియని ముసలాయన కుర్చీ పక్కన ఎందుకు నిలబడిందన్నది ఆమె మాత్రమే రాయగలిగిన సంగతి. గణాంకాలన్నీ తీసేసి అది రాయమనండి. పరిశోధన పెద్ద విశ్వవిద్యాలయాలకు పంపే వ్యాసాల్లో ముందుకు రావచ్చు. అదే జీవితం, ముందు పెట్టేది మారుతుంది. పద్దెనిమిది కళాశాలలకు ఒకే వ్యాసాన్ని పేర్లు మార్చి పంపితే మాత్రం, చదివేవారికి అది మూడో పేరాలోనే తెలిసిపోతుంది.

మూడో ఏడు చదువుతున్న తమ్ముడి ప్రశ్నకు: అబద్ధం చెబుతారని మాకూ తెలుసు. అందుకే చేస్తానన్న మాటకు కాక, చేసినదానికి ఎక్కువ బరువు ఇస్తాం. ఇంటర్వ్యూలో కూడా ఒక్కరి అభిప్రాయం మీద ఆధారపడకుండా, కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో మొదలైన పద్ధతిలో చాలాచోట్ల ఎనిమిది, పది గదుల్లో ఎనిమిది, పది మంది వేర్వేరుగా మాట్లాడతారు. చాలామందికి అభ్యర్థి మార్కులు గానీ, దరఖాస్తు గానీ ముందుగా చూపరు. ప్రవేశంపై తుది నిర్ణయం అధ్యాపకుల కమిటీదే కావాలనీ, అందులో రాజకీయం, డబ్బు తలదూర్చరాదనీ గుర్తింపు ఇచ్చే సంస్థ నిబంధన. ఇన్ని కంచెలు కట్టినా డాక్టర్ల పిల్లలకు అనుకూలత పోలేదని ఒప్పుకుంటాను. ఆ కంచెలు కూడా లేకుండా మన దగ్గర ఇంటర్వ్యూ పెడితే ఏమవుతుందో చీపురుపల్లి అన్నగారు రాసినదానికి నేను చేర్చవలసినది లేదు. మన్యం డాక్టరు గారు చెప్పినట్టు బడినీ, మండలాన్నీ చూసి ఇచ్చే సీట్ల గురించి మాత్రం ఇక్కడ ఇంకా చర్చ జరగాలి.


రాజాం మాస్టారు

మీ జవాబును ఫోనులో అమ్మాయికి చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, ఆ డయాలసిస్ కేంద్రంలో తనకు పని నేర్పిన పెద్ద నర్సు ఇంకా అక్కడే ఉందనీ, సిఫారసు లేఖ ప్రొఫెసరు దగ్గర కాక ఆమె దగ్గర తీసుకోవచ్చా అనీ అడిగింది. దరఖాస్తులు మే నెలలో తెరుస్తారట. ప్రొఫెసర్ల లేఖలతో పాటు ఆ నర్సు లేఖ కూడా పెడితే మీ కమిటీలో ఎలా చూసేవారో వీలైనప్పుడు చెప్పండి. తాతకు సోంపేటలో సూది గుచ్చేటప్పుడు తన చెయ్యి పట్టుకొనేవాడని కూడా నిన్ననే చెప్పింది. ఇన్నేళ్ళూ నాకు తెలియదు.